మొదట తెర, తరువాత యంత్రం

నేను అనువదించిన ఒక నవలకు నెమలికంఠం రంగులో ముఖచిత్రం ఉండవలెనని కోరుకున్నాను. చిత్రకారుడు తన కంప్యూటర్ తెరమీద చూపినప్పుడు అది అచ్చం నెమలికంఠమే. పుస్తకం అచ్చయి వచ్చిననాడు కట్ట విప్పి చూద్దును గదా, వానాకాలపు చెరువునీటివలె బురదనీలం! వెయ్యి ప్రతులూ అంతే. ప్రచురణకర్త ప్రెస్సువారిని తప్పుపట్టాడు. ప్రెస్సువారు చిత్రకారుణ్ణి తప్పుపట్టారు. చిత్రకారుడు తన తెరవైపు వేలు చూపి "ఇక్కడ సరిగానే ఉన్నది గదండీ" అన్నాడు. ముగ్గురూ ఉన్నమాటే చెప్పారు. అబద్ధం చెప్పినది ఆ తెర.

ఈ సంగతి తెలిసినది గనుకనే, 2024లో మా చెల్లెలి కూతురు కొత్త కంప్యూటర్ కొనబోతూ "పెద్దమ్మా, నువ్వు తోడు రావాలి" అని అడిగింది. ఆ పిల్ల విజయవాడలో ఒక డీటీపీ కేంద్రంలో ఆరేళ్లు పనిచేసింది. ఇకమీదట పుస్తకాల ముఖచిత్రాలు, శుభలేఖలు, కరపత్రాలు సొంతంగా చేసుకోవాలని సంకల్పం. చేతిలో ఉన్నది 90,000 రూపాయలు. అందులో 60,000 వాళ్లమ్మ గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చినవి. ఒకసారి పొరపాటుగా కొంటే మళ్లీ కొనే అవకాశం లేదు.

నేను ఆంగ్లసాహిత్యం చదువుకున్నదానను. యంత్రశాస్త్రం నాకు తెలియదు. అయితే అర్థంకాని మాటను దాటిపోలేకపోవడం అనువాదకుల కందరికీ ఉన్న జబ్బు. దుకాణదారు వాడిన ప్రతి మాటకూ అర్థం అడిగాను. అతడు పాపం ఓపికమంతుడే.

అతడు మొదట చూపినది అద్దాల పెట్టెలో రంగురంగుల దీపాలు తిరుగుతున్న యంత్రం. ధరలో మూడోవంతు పైగా అందులోని గ్రాఫిక్స్ కార్డుదే. ఎవరికోసం చేసినదని అడిగితే, "ఆటలాడేవాళ్లకు మేడమ్, డిజైన్‌కు కూడా పనికొస్తుంది" అన్నాడు. దానికి జతగా ఇచ్చే తెర మాత్రం ఆ దుకాణంలోకెల్లా చౌకరకం. రూపకల్పన చేసేవారు మోసపోయే చోటు సరిగా ఇదే. ఆ కార్డు త్రిమితీయ చిత్రాలకు, వీడియో కూర్పుకు అవసరం. పుస్తకం అట్టకు, శుభలేఖకు ప్రాసెసర్‌లోనే అమరివున్న గ్రాఫిక్స్ సరిపోతుంది. ప్రాసెసర్ విషయమూ అంతే. ఫోటోషాప్‌లో పెక్కు పనులు కొద్ది కోర్లనే వాడుకుంటాయి గనుక, కోర్ల సంఖ్యకంటె ఒక్కొక్క కోరు వేగం ముఖ్యం.

తెర సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి కాంతులను కలిపి రంగు పుట్టిస్తుంది. ముద్రణాలయం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలను కాగితంమీద కలిపి పుట్టిస్తుంది. కాంతి చూపగల మెరుపునీలాలు కొన్ని ఈ సిరాలలో రానేరావు. నా నెమలికంఠం అటువంటిదే. తెర ఎంతమేరకు రంగులు చూపగలదో చెప్పడానికి కొలతలున్నవి. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి రూపొందించిన ఎస్‌ఆర్‌జీబీ ఒకటి. ముద్రణసిరాలలో వచ్చే రంగులను ఇంకా ఎక్కువగా ఇముడ్చుకునే అడోబ్ ఆర్‌జీబీ మరొకటి, ఇది 1998 నాటిది. చౌక తెరలు మొదటిదానినైనా పూర్తిగా చూపలేవు. ఐపీఎస్ రకం తెరలో పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. అంతకంటె చౌకైన టీఎన్ రకంలో తల కాస్త వంచితే చాలు, రంగు మారిపోతుంది.

కాగితంమీది అంకెలను నమ్మి కొనడం మాకు ఇష్టం లేకపోయింది. ఆ పాడైన ముఖచిత్రం ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అచ్చయిన పుస్తకాన్ని నా సంచిలో పెట్టుకుని వెళ్లాము. దుకాణంలో నాలుగు తెరలమీద ఆ ఫైలు తెరిపించి, సిరా రంగులను అనుకరించి చూపే అమరిక పెట్టించి, పక్కన పుస్తకం పట్టుకున్నాము. మూడు తెరలు ఇంకా నెమలికంఠాన్నే చూపుతున్నవి. నాలుగవ తెరమీద నా పుస్తకం నాకు ఎదురయింది. ఆ బురదనీలాన్ని చూసి నేను సంతోషించడం అదే మొదటిసారి. అది 27 అంగుళాల ఐపీఎస్ తెర, ధర 27,000. దుకాణదారు ఆశ్చర్యపోయాడు, ఆ తెర తప్ప తక్కినదంతా చౌకలో చూపమంటున్నాము మరి.

తెర మంచిదైనంత మాత్రాన సరిపోదు. దుకాణంలో మిరుమిట్లు గొలపడానికి దాని వెలుగును పెంచి ఉంచుతారు. అంత వెలుగులో సరిగా కనిపించిన చిత్రం కాగితంమీద నల్లబడుతుంది. ముద్రణ పనికి చదరపు మీటరుకు సుమారు 120 కాండెలాల వెలుగు చాలును. తెరకు తగిలించి రంగులు సరిచూసే పరికరం ఒకటున్నది. దానిని కొనే శక్తి మాకు లేకపోయింది. మా అమ్మాయి తనకు తెలిసిన ఫోటోగ్రాఫర్ వద్ద నెలకొకసారి ఎరువు తెచ్చుకుంటున్నది. తెరను కిటికీకి ఎదురుగా పెట్టరాదన్నది మాత్రం ఖర్చులేని జాగ్రత్త.

తెర తరువాత మెమొరీ. ఎంత కావాలో లెక్క వేసి చూసుకోవచ్చు. మామూలు డెమ్మీ సైజు పుస్తకానికి ముందట్ట, వీపు, వెనుకట్ట కలిపి 12 అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు అనుకుందాము. అంగుళానికి 300 చుక్కల చొప్పున అది 3,600 చుక్కల వెడల్పు, 2,550 చుక్కల ఎత్తు. మొత్తం 91,80,000 చుక్కలు. నాలుగు సిరాలకు చుక్కకు నాలుగు బైట్లు వేసుకుంటే సుమారు 37 ఎంబీ. ఇది ఒక్క పొరకు. పాతిక పొరలున్న చిత్రానికి 900 ఎంబీ దాటుతుంది. పనిని వెనక్కు తిప్పుకోవడానికి దాచుకునే దశలు దీనికి అదనం. ఫోటోషాప్‌కు కనీసం 8 జీబీ ఉండాలనీ, 16 అయితే మంచిదనీ అడోబ్ వారే చెబుతారు. మేము 32 తీసుకున్నాము, మరి రెండు గళ్లు ఖాళీగా ఉంచి. యాపిల్ యంత్రాల తెరలు చక్కనివే గాని, 2020 నవంబరులో వారు సొంత చిప్పులకు మారిన తరువాత కొన్ననాటి మెమొరీయే చివరిదాకా. చేతిలో డబ్బున్నప్పుడు కొంచెం కొంచెం పెంచుకునేవారికి అది కుదరదు.

ఇక ఎస్‌ఎస్‌డి, ప్రతులు దాచుకునే బయటి డిస్కు, కరెంటు పోయినప్పుడు పని దక్కించుకోవడానికి యూపీఎస్. వీటిలో దేనినీ తరువాత చూద్దామని వాయిదా వేయరాదు. పాత కంప్యూటర్ చౌకగా వస్తుందని కొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందున్న ప్రాసెసర్లను విండోస్ 11 సాధారణంగా అంగీకరించదు.

పన్నుతో కలిపి తెరకు 27,000, యంత్రానికి 48,000, యూపీఎస్‌కు 4,500, బయటి డిస్కుకు 5,500. మిగిలిన 5,000 మొదటి నెలల సాఫ్ట్‌వేర్ చందాకు. అడోబ్ 2013లో చందా పద్ధతికి మారినప్పటినుంచి యంత్రం ధరతోపాటు దీనినీ లెక్కలో వేసుకోక తప్పదు.

దుకాణదారు చెప్పనిది, మాకూ ఇంటికి వచ్చాక గాని తోచనిది మరొకటి ఉన్నది. మా అమ్మాయి ఆరేళ్ల పని అంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001 నాటిది. ఆనాటి ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలలో దాచిపెట్టాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు వాక్యం మాయమై, అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. 1991లో యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు వేరుగా కేటాయించింది గనుక దానిలో కూర్చినది ఏ యంత్రంలోనైనా తెలుగుగానే ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో సైతం వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు తమ అక్షరం క్రింద కూర్చోవు. కొత్త యంత్రం కొనేవారు తమ పాత ఫైలు ఒకటి తీసుకువెళ్లి, దుకాణంలోనే తెరిచి చూడడం మంచిది. మేము ముఖచిత్రం తీసుకువెళ్లాము గాని లోపలి పుట తీసుకువెళ్లలేదు.

అందుచేత పాత కంప్యూటర్‌ను అమ్మలేదు. ఇంటర్నెట్ తీగ ఊడదీసి గది మూలన ఉంచింది. అందులోని పుస్తకాలను ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మారుస్తున్నది. మార్చిన ప్రతిసారీ కొన్ని ఒత్తులు జారిపోతున్నవి, కొన్ని అంకెలు తారుమారవుతున్నవి. అవి సరిదిద్దే పని నాకు అప్పగించింది. ఇప్పటికి పదకొండు పుస్తకాలు అయినవి. ఇంకా ఇరవైతొమ్మిది ఉన్నవి.