పనివలన కలుగు వ్యాధులు



నేను నివసించు మన్సూరాబాదు హైదరాబాదు నగరమునకు తూర్పున, లాల్ బహదూర్ నగరమునకు చేరువ నున్నది. ఇచట ఎటు చూచినను కొత్త యిండ్లు లేచుచున్నవి. వాకిట గ్రానైటు బండలను యంత్రముతో కోయునపుడు తెల్లని దుమ్ము పొగవలె క్రమ్ముకొనును. ఆ దుమ్ములో కూర్చుండి పనిచేయు యువకులలో పెక్కురు పల్లెలనుండి వచ్చినవారే. కావుననే ఈ విషయమును మీకు విన్నవించుచున్నాను.

నా పూర్వశిష్యుడొకడు దగ్గుతోను ఆయాసముతోను చిక్కి, నన్ను చూడవచ్చెను. క్షయ యని తలచి నెలల తరబడి మందులు వాడినను గుణము కనబడలేదని చెప్పెను. నేను పాలు త్రాగుమంటిని, విశ్రాంతి తీసికొమ్మంటిని. ఏమి పని చేయుచున్నావని మాత్రము అడుగలేదు. ఏడాది గడచిన పిమ్మట మరియొక వైద్యుడు ఆ మాట అడిగెను. అతడు పండ్రెండేండ్లుగా రాళ్లు కోయుచున్నాడు! అది రాతిధూళివలన వచ్చిన వ్యాధి. అప్పటికి చేయదగినది స్వల్పము.

ఆ ప్రశ్న కొత్తది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు రమజ్జీని 1700లో వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి గ్రంథము వ్రాసి, రోగి నడుగు ప్రశ్నలలో ‘నీ వృత్తి యేమి?’ అనుదానిని గూడ చేర్చుకొనవలెనని బోధించెను. అంతకు ఎంతో పూర్వమే మన చరకసంహిత శోషవ్యాధికి నాలుగు కారణములు చెప్పుచు, అందు మొదటిదానిని ‘సాహసము’ అనెను. శక్తికి మించిన బరువులు మోయుట మున్నగునవి ఇందు చేరును. క్షయకు మూలము సూక్ష్మజీవి యని 1882లో కాక్ పండితుడు కనుగొనెను. అయినను పనికిని రోగమునకును గల సంబంధము తెగిపోలేదు.

రాతిలో సిలికా అను పదార్థము కలదు. పలుగురాయి దాదాపుగా సిలికాయే. గ్రానైటులోను అది సమృద్ధిగా నుండును. దుమ్ములోని పెద్దరేణువులు ముక్కులోను గొంతులోను చిక్కి కఫముతో వెలికివచ్చును. తలవెండ్రుక మందములో పదవవంతునకు మించని సన్నని రేణువులు మాత్రము ఊపిరితిత్తుల చివరి గాలియరలదాక పోవును. దేహమునకు కావలి కాయు కణములు వానిని మ్రింగును. కాని అరిగించుకొనలేక తామే నశించును. రేణువు మరల బయటపడి మరియొక కణమును చంపును. ఈ పోరు జరిగినచోట మచ్చ కట్టును. ఇట్లు మెత్తని ఊపిరితిత్తి క్రమముగా గట్టిపడి, మనిషి పదిమెట్లెక్కలేని వాడగును. ఇది సాధారణముగా పదియేండ్లు దాటిన పిమ్మట బయటపడును. దుమ్ము దట్టమైనచో కొలది యేండ్లకే రావచ్చును. దీనిని పోగొట్టు మందు లేదు. పని మానిన తరువాతను ఇది పెరుగవచ్చును. పైగా ఈ వ్యాధిగలవారికి క్షయ సులభముగా సోకును. రెండును ఒకే దేహమున నుండవచ్చును గనుక క్షయ యున్నచో దాని మందును తుదిదాక వాడవలసినదే.

మన దేశమున ఈ వ్యాధి 1934లో కోలారు బంగారు గనులలో మొదట వెల్లడి యయ్యెను. పలుగురాతి చారలను పగులగొట్టి బంగారము తీసిన ఆ గనులలో తమిళులతోపాటు తెలుగువారును పనిచేసిరి. గనులు 2001లో మూతపడినవి. గని లేకున్నను ఆ దుమ్ము నేడు మన వాకిటనే లేచుచున్నది.

రాతిపని యొక్కటియే కాదు. హమాలీ నడుము, మగ్గపు గుంటలో కూర్చుండు నేతగాని మోకాళ్లు, రేకులు కొట్టువాని చెవులు, పురుగుమందు చల్లు రైతు నరములు, ఇవన్నియు పనికి లోబడినవే. వయస్సువలన వచ్చినదని మనము సరిపెట్టుకొందుము.

నివారణ సాధ్యమే. బండను తడుపుచు కోసినచో దుమ్ము చాలవరకు అణగును. అయితే నీటితో కోయుటకు తగిన యంత్రమునే వాడవలెను, లేనిచో విద్యుత్తువలన ప్రాణాపాయము కలదు. మూతికి కట్టిన తువ్వాలు సన్నధూళి నాపజాలదు; ధూళిని వడగట్టు ముసుగు వేరుగా దొరకును. పడిన దుమ్మును పొడిగా ఊడ్వరాదు, తడిపి తీయవలెను. దుమ్ముబట్టలతో ఇంటికి రాక, వానిని పనిచోటనే విడువవలెను.

1923 నాటి చట్టము వృత్తివ్యాధులకు నష్టపరిహారము నేర్పరచినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ రాతిధూళి వ్యాధిని వైద్యులు ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. కాని ఏ యేట, ఎచట, ఏ మేస్త్రీ క్రింద పనిచేసెనో రుజువు లేనివానికి చట్టము దూరమే. కావున పెద్దలారా, పట్నము పోయిన మీ బిడ్డల పనివివరములను ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. దగ్గుతో తిరిగివచ్చినవానిని వైద్యునికడకు పంపునపుడు ఆ పుస్తకమునుగూడ పంపుడు. వైద్యుడు అడుగకున్నను చెప్పుమనుడు.

నేను ఒక ప్రశ్న అడుగక పోగొట్టుకొన్న సంవత్సరము మరల రాదు. మీరైనను అడుగుడు.