తప్పుకీ ఒక గ్రామర్ ఉంది!

పైథాన్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ బాగా తెలిసిన రెండు మాటలు: 'ఇన్‌వాలిడ్ సింటాక్స్'. తప్పుందని చెబుతుంది, ఏం తప్పో చెప్పదు. పాత వెర్షన్లలో ఇంకో తిప్పలు కూడా ఉండేది. 5వ లైన్‌లో బ్రాకెట్ మూయకపోతే 6వ లైన్‌ని చూపించేది. అక్కడ ఎంత వెతికినా ఏమీ దొరకదు. పక్కన అడగడానికి సీనియర్ లేనివాళ్లు 'కోడింగ్ మనకు రాదులే' అని ల్యాప్‌టాప్ మూసేసేది ఇలాంటి చోటే. నన్నడిగితే లోపం వాళ్లది కాదు, ఆ మెసేజ్‌ది. అది బాగుపడింది మాత్రం పైథాన్ టీమ్ ఏకంగా పార్సర్‌నే మార్చిన తర్వాతే.

బండి కొన్నదెవరు?

'నిన్న కొత్త బండి కొన్న రవి తమ్ముడు' అన్నాం. కొన్నది రవా, తమ్ముడా? తెలుగులో రెండు అర్థాలూ వస్తాయి. మనం సందర్భాన్ని బట్టి సర్దుకుంటాం. కంప్యూటర్‌కి ఆ వీలు లేదు. అందుకే ప్రోగ్రామింగ్ భాషలకు పక్కాగా రాసిన గ్రామర్ కావాలి.

అలా రాసే పద్ధతిని 1959లో జాన్ బ్యాకస్ చూపించారు. ఆల్గోల్ 60 భాష కోసం పీటర్ నౌర్ దాన్ని మెరుగుపరిచారు. ఇద్దరి పేర్లూ కలిసి 'బీఎన్ఎఫ్' అయింది. ఇలాంటి సూత్రాలు పాణిని ఎప్పుడో రాశాడు కాబట్టి 'పాణిని-బ్యాకస్ ఫామ్' అనాలంటూ 1967లో పీటర్ ఇంగర్‌మన్ ఒక కంప్యూటర్ పత్రికకు ఉత్తరమే రాశారు.

ఆ రూల్స్ ప్రకారం కోడ్‌ని విడదీసి అర్థం చేసుకునేదే పార్సర్. 2+3*4 ఇస్తే ముందు 3ని, 4ని ఒక జట్టు చేస్తుంది. జవాబు 20 కాకుండా 14 వచ్చేది అందుకే.

ఒక్క మాట దూరమే చూపు

పైథాన్ మొదట్నుంచీ వాడింది ఎల్ఎల్ 1 పార్సర్. ఎడమ నుంచి చదువుతూ, ముందున్న ఒకే ఒక్క టోకెన్ (ఒక పదమో, గుర్తో) చూసి ఏ రూల్ వాడాలో తేల్చేస్తుంది. పొగమంచులో బండి నడిపినట్టన్నమాట. సింపుల్‌గా, వేగంగా ఉంటుంది. కానీ లైన్ చివరిదాకా చూస్తే గానీ తేలని విషయాలుంటే చిక్కే.

అందుకే 2020లో వచ్చిన పైథాన్ 3.9కి గైడో వాన్ రోసమ్, పాబ్లో గలిండో, లిసాండ్రోస్ నికోలావ్ కలిసి కొత్త పార్సర్ రాశారు. దాని పునాది 2004లో బ్రయాన్ ఫోర్డ్ ప్రతిపాదించిన 'పెగ్' గ్రామర్. ఇందులో రూల్స్‌కి వరస ఉంటుంది. మొదటిది కుదిరితే సరే, లేదంటే వెనక్కొచ్చి రెండోది ప్రయత్నిస్తుంది. ముందు కుదిరిందే ఖాయం కాబట్టి రెండర్థాల గొడవ లేదు. చదివిందే మళ్లీ చదవకుండా అవసరమైన చోట గుర్తుపెట్టుకుంటుంది. అందుకు మెమరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది.

3.10లో 'మ్యాచ్' స్టేట్‌మెంట్ వచ్చినా, అదే పేరుతో వేరియబుల్స్ ఉన్న పాత ప్రోగ్రామ్‌లు చెడిపోలేదంటే ఈ మార్పు పుణ్యమే.

తప్పుల కోసం రూల్స్

నాకు బాగా నచ్చింది మాత్రం ఇది. కొత్త గ్రామర్‌లో మనం చేసే తప్పులకు కూడా రూల్స్ రాసి పెట్టారు! పార్సర్ ముందు మామూలు రూల్స్‌తో చదువుతుంది. కుదరకపోతేనే, తప్పుల రూల్స్‌ని కూడా కలుపుకుని రెండోసారి చదువుతుంది. 'ఇఫ్'లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటే పెట్టారనుకోండి, 'రెండు పెట్టాలనుకున్నారా?' అని అడుగుతుంది. కరెక్ట్ కోడ్‌కి రెండోసారి చదవాల్సిన పనే లేదు.

మూయని బ్రాకెట్‌ది వేరే ఏర్పాటు. తెరిచిన ప్రతి బ్రాకెట్‌నీ, కోడ్‌ని టోకెన్లుగా ముక్కలు చేసే భాగం లెక్క పెట్టుకుంటుంది. 3.10 నుంచి 'ఈ బ్రాకెట్ మూయలేదు' అని తెరిచిన చోటే చూపిస్తోంది. అంటే 6వ లైన్ కాదు, 5వ లైనే!

కాబట్టి ఎర్రర్ రాగానే కంగారుపడి మొత్తం చెరిపేయకండి. చివరి లైన్ నిదానంగా చదవండి, గుర్తు ఎక్కడుందో చూడండి. ఓపికుంటే పైథాన్ గ్రామర్ ఫైల్ తెరిచి, 'ఇన్‌వాలిడ్' అని మొదలయ్యే రూల్స్ వెతకండి. మీరు నిన్న చేసిన తప్పు అక్కడ కనిపించొచ్చు. అంత మామూలు తప్పు కాబట్టే దానికి ఓ రూల్ రాశారు.