సైటోకైన్లు: తొలి పరీక్షలకు తక్కువ ఖర్చు దారులు

ఒక కణం మరొక కణానికి కబురు పంపడానికి స్రవించే చిన్న మాంసకృత్తులే సైటోకైన్లు. ఇంటర్‌ల్యూకిన్లు, ఇంటర్‌ఫెరాన్లు ఈ కోవలోనివి. బళ్ళారిలోనో బరంపురంలోనో షోలాపూరులోనో జీవశాస్త్రం చదివే మన విద్యార్థులకు ఈ మాటలు ఇంగ్లీషులోనే పరిచయం. తెలుగులో ఒకసారి చెప్పుకొంటే విషయం తేటపడుతుందని మా ఉద్దేశం.

వీటితో వచ్చే చిక్కు ఖరీదు. 10 మైక్రోగ్రాముల సీసాకే వేల రూపాయలవుతాయి. ఫలిస్తుందో లేదో తెలియని ఊహ కోసం అంత ఖర్చు పెట్టడానికి మార్గదర్శకులు వెనుకాడతారు. ఊహ కాస్తా నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది.

పాత దారి, మా దృష్టిలో మేలైన దారి, కణాల చేతనే చేయించుకోవడం. చుంచెలుక నుంచి వచ్చిన ఎల్-929 అనే కణశ్రేణి, మాక్రోఫేజ్‌లను పెంచే ఎం-సి.ఎస్.ఎఫ్. అనే సైటోకైన్‌ను తనంతట తానే స్రవిస్తుంది. ఆ కణాలను వారం పాటు పెంచి, పైనున్న యానకాన్ని తీసి, వడగట్టి, గడ్డకట్టించి దాచుకోవచ్చు. చుంచెలుక ఎముకమజ్జ నుంచి మాక్రోఫేజ్‌లను పెంచేవారు దీనిని సాధారణంగా 10 నుంచి 30 శాతం దాకా కలుపుతారు. పుణేలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం పరిశోధన సంస్థలకు కణశ్రేణులను సరఫరా చేస్తుంది. అయితే ఇది వార్చిన గంజి వంటిది. కావలసిన సారంతో బాటు ఇంకా చాలా ఉంటాయి. ఒక్కో వాయి బలం ఒక్కో తీరు కనుక, కొత్తది తీసినప్పుడల్లా ఎంత పాలు కలపాలో మళ్ళీ చూసుకోవాలి. పైగా చుంచెలుక ఎం-సి.ఎస్.ఎఫ్. మనిషి కణాల మీద పనిచేయదు, మనిషిది మాత్రం చుంచెలుక కణాల మీద పనిచేస్తుంది. ఇంటర్‌ఫెరాన్-గామా అటూ పనిచేయదు, ఇటూ పనిచేయదు.

రెండోది ఆసుపత్రి మందుల కొట్టు. కాన్సరు చికిత్సలో తెల్లకణాలు పడిపోయినవారికిచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ మరేమీ కాదు, మనిషి జి-సి.ఎస్.ఎఫ్. అనే సైటోకైనే. హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్ కూడా దీనిని తయారుచేస్తుంది. ఒక మోతాదులో 300 మైక్రోగ్రాములుంటుంది గనుక మైక్రోగ్రాము లెక్కన చాలా చవక. ఇది చుంచెలుక కణాల మీద కూడా పనిచేస్తుంది. వైద్యుని చీటీ లేనిదే అమ్మరు, సంస్థ ద్వారానే తెప్పించుకోవాలి. మందులో పాలీసార్బేట్ వంటివి కలిపి ఉంటాయి. వాటిని మాత్రమే కలిపిన పోలిక పాత్ర ఒకటి తప్పనిసరి.

జన్యువును ప్లాస్మిడ్‌లో చేర్చి ఇ. కోలై చేత చేయించుకోవడం మూడో దారి. మాంసకృత్తు తరచు కరగని ముద్దగా తయారవుతుంది, దానిని విప్పి మళ్ళీ సరిగా మడవాలి. అంతకన్నా పెద్ద బెడద బాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్. అది సొంతంగానే మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టి, సైటోకైన్ పనిచేసిందన్న భ్రమ కలిగిస్తుంది. తయారీలో కొంత తీసి మరిగించి చూడాలి. మరిగిస్తే సాధారణంగా మాంసకృత్తు చెడుతుంది, ఎండోటాక్సిన్ చెడదు. మరిగించాక కూడా ఫలితం అలాగే ఉంటే ఆ ఫలితం సైటోకైన్‌ది కాదన్నమాటే.

ఏ దారిన తెచ్చినా ఒక్క సీసాలో దాచవద్దు. ఒక్కో ప్రయోగానికి సరిపడా విడివిడిగా పోసి గడ్డకట్టించాలి. పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే బలం తగ్గుతుంది. మరీ పలచని ద్రావణమైతే మాంసకృత్తు గొట్టం గోడలకే అంటుకుపోతుంది. 0.1 శాతం ఆల్బుమిన్ కలిపితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.