ట్యాబ్ కొంటున్నారా? ఎన్నేళ్లు నడుస్తుందో అడిగారా?

‘అన్నయ్యా, ట్యాబ్ బాగానే ఉంది కానీ క్లాసుల యాప్ ఓపెన్ అవ్వట్లేదు’ అని మొన్న మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. ఇంటర్ చదువుతోంది. ట్యాబ్ కొని మూడేళ్లే. స్క్రీన్ మీద గీత కూడా పడలేదు, బ్యాటరీ రోజంతా వస్తోంది. యాప్ మాత్రం ‘మీ ఆండ్రాయిడ్ పాతది’ అంటోంది. సరే, అప్‌డేట్ చేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళితే ‘మీ సిస్టమ్ అప్‌టుడేట్‌గా ఉంది’ అని చూపిస్తోంది! రెండూ నిజమే. ఆ మోడల్‌కి కొత్త వెర్షన్లు ఇవ్వడం కంపెనీ ఎప్పుడో ఆపేసింది.

కొనేటప్పుడు మనం అడిగేవి ఇంచులు, ర్యామ్, స్టోరేజీ, ఆఫర్. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ని కంపెనీ ఇంకెన్నేళ్లు పట్టించుకుంటుందో ఎవరమూ అడగం. అసలు తేడా అక్కడే ఉంది.

ఐప్యాడ్ సంగతి చూడండి. ట్యాబ్ తయారుచేసేదీ, సాఫ్ట్‌వేర్ రాసేదీ ఆపిలే. మధ్యలో ఇంకెవరూ లేరు. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? మన ‘జ్ఞానం’లోని ‘జ్ఞా’ అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో, ఐప్యాడ్లలో యాప్‌లు ఠక్కున మూసుకుపోయేవి. తెలుగక్షరం దెబ్బకి ప్రపంచమంతా గోల! అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కి 2024 నాటి ఐప్యాడ్ఓఎస్ 18 కూడా అందింది. 2025లో వచ్చిన 26 మాత్రం అందలేదు. (18 తర్వాత 26 ఏంటని కంగారుపడకండి, మధ్యలో ఏమీ పోలేదు. ఆపిల్ అంకెల లెక్క మార్చుకుంది.) ధర ఎక్కువే. మెమరీ కార్డు పెట్టుకునే వీలు లేదు. పెన్సిల్, కీబోర్డు విడిగా కొనాలి.

ఆండ్రాయిడ్ దారి వేరు. గూగుల్ కొత్త వెర్షన్ ఇస్తే చిప్ కంపెనీ, తర్వాత ట్యాబ్ కంపెనీ దాన్ని తమ మోడల్‌కి సరిపోయేలా మార్చాలి. చవక మోడల్‌కి ఆ కష్టం ఎవరు పడతారు? శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్10కి ఏడేళ్ల అప్‌డేట్లని కంపెనీ ముందే చెప్పింది. చాలా చవక ట్యాబ్‌లకు ఒకటి రెండు వెర్షన్లు వస్తే గొప్ప. పేరు ఒకటే ఆండ్రాయిడ్, ఆయుష్షు మాత్రం వేరు. అయినా మన బడ్జెట్‌లో దొరికేవి, మెమరీ కార్డు పట్టేవి ఎక్కువగా ఇందులోనే. కాబట్టి ఆండ్రాయిడ్ వద్దనను. అడిగి కొనండి అంటాను.

విండోస్ ట్యాబ్ అంటే స్క్రీన్‌ని వేలితో తాకే ల్యాప్‌టాప్. తెలుగు డీటీపీ వాళ్లకి అను స్క్రిప్ట్ మేనేజర్ కావాలంటే దిక్కు ఇదే. వేలితో వాడటం మాత్రం కాస్త చిరాకే. 2012లో మైక్రోసాఫ్ట్ ‘సర్ఫేస్ ఆర్‌టీ’ తెచ్చింది. చూడటానికి విండోసే, కానీ మామూలు విండోస్ ప్రోగ్రాములు అందులో నడవవు! మరుసటి ఏడాది కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ ట్యాబ్ విండోస్ 11ని తీసుకోలేకపోతే, ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

షాపులో డెమో ట్యాబ్ చేతికిచ్చినప్పుడు సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ట్యాబ్లెట్’ తెరవండి. సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఏడాది కిందటిదైతే, అక్కడే పెట్టేసి వచ్చేయండి.

మా చెల్లికి ప్రస్తుతానికి యాప్ వదిలేసి క్రోమ్‌లో ఆ సైట్ తెరవమన్నాను. క్లాసులు వస్తున్నాయి. డౌన్‌లోడ్ చేసుకునే వీల్లేదు, రోజూ డేటా అయిపోతోందని రాత్రి మళ్లీ ఫోన్. బాబాయి దసరా ఆఫర్లలో కొత్తది చూద్దామంటున్నాడు. ఈసారి షాపుకి నన్ను కూడా రమ్మన్నారు.