రోగి అలసట – మన పరామర్శ

కోదాడలో మా వీధి పెద్దాయన ఒకరు క్యాన్సర్ ముదిరి మంచం పట్టారు. చూడబోయినప్పుడు అలవాటుగా, “సహనం వహించండి భాయ్‌సాబ్, ఈమాన్ గట్టిగా ఉంటే దిగులు దరిచేరదు” అన్నాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. సాగనంపడానికి గుమ్మం వరకు వచ్చిన కుమారుడు మెల్లగా చెప్పాడు: “నిలబడి నమాజు చేయలేకపోతున్నానని అబ్బా రాత్రంతా ఏడుస్తున్నారు, మౌలానా సాబ్.” ఏళ్ల తరబడి మదర్సాలో రోగి నమాజు నియమాలు బోధిస్తున్నవాణ్ణి. అవి అవసరమైన మనిషి ఎదుట ఉంటే ఒక్కటీ చెప్పలేకపోయాను.

ముదిరిన క్యాన్సర్‌లో కలిగే అలసట పొలం పని చేసి వచ్చినవాడి అలసట వంటిది కాదు. రాత్రంతా నిద్రపోయినా తీరదు. స్నానం చేసి బట్టలు మార్చుకునేసరికే ఓపిక హరించుకుపోతుంది. వ్యాధితోపాటు రక్తహీనత, కీమోథెరపీ, రేడియేషన్, తగ్గని నొప్పి, తిండి సయించకపోవడం కూడా దీనికి కారణాలే. ఆపై ప్రయాణాలు! సూర్యాపేట, కోదాడల నుండి 65వ నంబరు జాతీయ రహదారి మీద, మిర్యాలగూడ నుండి రైలులో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి రావడం ఆరోగ్యవంతులకే కష్టం. రక్తం తక్కువైతే దానికి చికిత్స ఉంది. నొప్పికి మందు ఉంది. మార్ఫిన్ మత్తుపదార్థమని భయపడి రోగికి ఇవ్వని కుటుంబాలను చూశాను. వైద్యుడు కొలిచి ఇచ్చినది ఔషధమే. శరీరం సహకరించిన పూట చేయి పట్టుకొని నాలుగడుగులు నడిపించడం కూడా మేలు చేస్తుంది.

మానసిక కుంగుబాటును గుర్తించడం మరింత కష్టం. ఆకలి, నిద్ర తగ్గడం వ్యాధి వల్ల కూడా జరుగుతుంది గదా! అయితే మనవడు ఒడిలోకి వచ్చినా సంతోషం కలగకపోవడం, “మీకు భారమయ్యాను” అని పదే పదే అనడం రెండు వారాలు సాగితే వైద్యునికి చెప్పాలి. చావాలని ఉందంటే ఆ రోజే చెప్పాలి, రోగిని ఒంటరిగా వదలరాదు. కౌన్సెలింగు, మందులు ఉన్నాయి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కుమారుని ఎడబాటుతో యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) కళ్లు తెల్లబడిపోయాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన దుఃఖాన్ని విశ్వాసలోపమని ఎవరంటారు? మరి మన ఇంటి రోగిని అలా అనడానికి మనకు నోరెలా వస్తుంది?

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ముందు క్షమాపణ కోరాను. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని తల సైగతో నమాజు చేయవచ్చని, నీళ్లు హాని చేస్తే తయమ్ముమ్ చాలని చెప్పాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆరాధనల పుణ్యం జబ్బుపడినప్పుడూ వ్రాయబడుతుందన్న ప్రవక్త (సఅసం) శుభవార్తను వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేను లేవబోతుండగా చేయి పట్టుకొని, “ఈసారి ఫజర్ తర్వాత రండి. అప్పుడు కాస్త ఓపిక ఉంటుంది” అన్నారు.