ప్రాణహితకు, ఇంద్రావతికి నడుమ

దూరవిద్యకై విదేశీయులతో చేయి కలిపి మనవారు జరిపిన రెండు మహాప్రయోగములు జిమల్‌గట్టకు ఇరుప్రక్కల వెలసి, నడుమనున్న జిమల్‌గట్టను విడిచిపోయినవి. ఇక మూడవ దాని వంతు.

అహేరి నుండి సిరొంచకు సాగు అరణ్యమార్గమున, టేకువనములను దాటి పోవు బాటసారికి తగులు జిమల్‌గట్ట గ్రామము పరిపాలనరీత్యా మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాకు చెందినదైనను, ఈ సీమ అంగళ్లలో క్షణకాలము నిలిచి చెవి యొగ్గినవానికి ఇది ఏ యొక్క రాష్ట్రమునకును సంపూర్ణముగా దఖలుపడినట్లు తోచదు. బేరసారములలో తెలుగు వినవచ్చును. గుట్టల నుండి దిగివచ్చిన మాడియా గోండులు తమలో తాము మాటలాడుకొను భాష వేఱు. బడిలోను, కచేరీలోను వ్రాతకోతలు మరాఠీలో నడచును. పడమట ప్రాణహిత దాటిన తెలంగాణము, తూర్పున ఇంద్రావతి దాటిన ఛత్తీస్‌గఢము, దక్షిణమున సిరొంచ చెంత ప్రాణహిత గోదావరిలో కలియు సంగమము, దాని కభిముఖముగా కాళేశ్వర క్షేత్రము.

ఈ సిరొంచ సీమ 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల కధీనమై, ఊర్ధ్వ గోదావరి జిల్లాలో చేరి, 1874లో ఆ జిల్లాయే రద్దు కాగా చాందా జిల్లాలో కలిసి, 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును సంక్రమించి, తుదకు 1982 ఆగస్టు 26న క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో భాగమయ్యెను. కాకతాళీయమే కావచ్చును గాని, సరిగా ఆ దినముననే హైదరాబాదులో, దేశమునకెల్ల మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఆంధ్రప్రదేశ్ పక్షమున అవతరించెను. బడికి రాలేనివాని కడకు బడియే పోవలెనను సిద్ధాంతము ఆవలి యొడ్డున శాసనరూపము దాల్చిన నాడే, ఈవలి యొడ్డు తెలుగువారు తమ చిరునామాలో మఱియొక జిల్లా పేరు వ్రాసికొన నారంభించిరి.

దూరమున నున్న విద్యార్థికి యంత్రముద్వారా పాఠము చేర్చుటను గూర్చి భారతదేశము పరదేశములతో కలిసి సాగించిన పరిశోధనల చరిత్రను ఢిల్లీ నుండియో, ముంబయి నుండియో చూచువారికి అది విజయపరంపరగా కనబడును. ఆ చరిత్రనే జిమల్‌గట్ట నుండి చూచినచో, విజయము నిజమేనని యొప్పుకొనుచునే, అది ఎవరి పొలిమేరలో ఆగిపోయినదో కూడ కనబడును. రాబోవు కాలపు విద్యాయంత్రములను రచించువారికి ఈ రెండవ దృశ్యమే ఎక్కువ ఉపకరించునని ఈ వ్యాసము చెప్పదలచినది.

పండితులకు క్రొత్త కాని అడవి

దూరదేశపు విద్వాంసులు ఈ సీమ వైపు చూపు సారించుట నేటి మాట కాదు. సిరొంచకు సమీపముననున్న కోట గ్రామము పేరు భూగర్భశాస్త్ర గ్రంథములలో ఒక శిలాశ్రేణికి చిరకాలముగా నిలిచియున్నది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానమున లండను నుండి వచ్చిన పమేలా రాబిన్సన్ అను విదుషి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థయందు భూవిజ్ఞాన శాఖకు పునాది వేయగా, ఆ శాఖవారు ప్రాణహితా గోదావరుల లోయను గాలించి, మహాకాయమైన యొక శాకాహారి రాక్షసబల్లి యెముకలను వెలికి దీసి, 1975లో దానికి రవీంద్రుని పేరు చేర్చి బరపాసారస్ టాగోరై అని నామకరణము చేసిరి. విజ్ఞానమునకు అది గొప్ప లాభము. అస్థిపంజరము మాత్రము కలకత్తాలో నిలిచినది. త్రవ్విన చోటు ఇది, చూడదగిన చోటు అది. పరిశోధన యొకచోట జరిగి ఫలము వేఱొకచోట నిలుచు ఈ రీతిని పాఠకులు మనసున నుంచుకొందురు గాక. ముందు ముందు దీనితో పని కలదు.

ఆకాశమున వ్రేలాడిన బడి

ఆ 1975వ సంవత్సరముననే, ఆగస్టు 1న, అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము మన పల్లెలకు పాఠములు వినిపించుట కారంభించెను. విక్రమ్ సారాభాయి భావించి, 1969లో ఒడంబడిక కుదిర్చి, ఫలము చూడకయే 1971లో కన్నుమూసిన ఆ ప్రయోగమునకు సైట్ అని పేరు. యశ్‌పాల్ సంచాలకుడుగా అహమ్మదాబాదు అంతరిక్ష ప్రయోగ కేంద్రము దానిని నడపెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు, తెలుగు, కన్నడము, ఒరియా, హిందీ అను నాలుగు భాషలలో, ఉదయము బడిపిల్లలకును, సాయంకాలము పెద్దలకును కార్యక్రమములు ప్రసారమయ్యెను.

ఇందలి యుక్తి గమనింపదగినది. అంతకుముందు ఉపగ్రహ సంకేతమును అందుకొనవలెనన్న నేలమీద మహాభవనమంతటి యాంటెనా కావలసియుండెను. ఏ.టి.ఎస్.-6 ఆకాశమున తొమ్మిది మీటర్ల యాంటెనాను గొడుగువలె విప్పుకొని సంకేతమును బలముగా పంపుటచేత, పల్లెటూరి బడి కప్పుమీద కోళ్లగూడునకు వాడు తీగవలతో చేసిన పదియడుగుల పళ్లెము చాలెను. భారమంతయు ఆకాశము వహింపగా, నేల తేలికపడినది. ఆ గ్రాహక యంత్రములను తయారుచేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, విద్యుత్తు లేని కొన్ని గ్రామములకై బ్యాటరీతో నడచు పెట్టెలును సిద్ధము చేయబడెను. ధనికదేశపు ఉపగ్రహము, పేదదేశపు తీగవల: ఇరువురును తమతమ కలిమిని బట్టి పని పంచుకొనిన యా యేర్పాటును మించిన అంతర్జాతీయ సహకారము నాటికిని నేటికిని అరుదు.

సరిగా సంవత్సరము నిండిన పిమ్మట, 1976 జూలై 31న, ప్రసారములు ముగిసినవి. అమెరికా వారు తమ యుపగ్రహమును తిరిగి తమ వైపునకు జరుపుకొనిరి. అయినను ఆ యనుభవమే మూలధనముగా ఇన్‌శాట్ ఉపగ్రహములు వెలసినవి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి కేవలము విద్యకొఱకే ఎడ్యుశాట్ పైకి లేచినది. ఇంతటి ఘనకార్యమున మన జిమల్‌గట్ట స్థానమేమి? పడమటను దక్షిణమునను ఆంధ్రప్రదేశ్ ఆ యారు రాష్ట్రములలో నున్నది; తూర్పున, నాడు ఛత్తీస్‌గఢమును తనలో నిముడ్చుకొనిన మధ్యప్రదేశమును ఉన్నది; మహారాష్ట్రము లేదు. ఉపగ్రహపు కిరణమునకు ప్రాణహిత అడ్డు కాదు. పళ్లెమును పంపు జాబితాకు మాత్రము అడ్డయ్యెను.

పారిస్ నుండి వచ్చిన తాబేలు

ఉపగ్రహము పాఠమును పంపును, విద్యార్థి వినును. అంతటితో తృప్తి చెందక, విద్యార్థియే యంత్రమునకు ఆజ్ఞలిచ్చుచు తాను నేర్చుకొనవలెనని తలచినవాడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన సీమూర్ పేపర్ట్. ఆయనయు సహచరులును 1967లో రూపొందించిన లోగో భాషలో, తెరమీది తాబేలును ఇన్ని యడుగులు ముందుకు నడువుమనియు, ఇంత కోణము తిరుగుమనియు ఆజ్ఞాపించుచు బాలుడు చతురస్రమును గీయును. గీయుటలో తప్పినచో తన యాజ్ఞను తానే దిద్దుకొనును. దిద్దుకొనుటలోనే రేఖాగణితము పట్టుబడును. ఫ్రాన్సు ప్రభుత్వము 1980 దశకారంభమున పారిస్‌లో నెలకొల్పిన ప్రపంచ కంప్యూటరు కేంద్రము ఈ తాబేలును ఆఫ్రికాలోని సెనెగల్ బడులకు కొనిపోయెను. ఆ కేంద్రమునకు ముఖ్య శాస్త్రజ్ఞుడుగా పనిచేసినవారిలో మన తెలుగువాడొకడు కలడు: చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, యంత్రముచే మనుష్యుని మాటను గ్రహింపజేయు విద్యలో అగ్రగణ్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారమునందిన రాజ్‌రెడ్డి. ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తరాఁ ఆయనను 1984లో లీజియన్ ఆఫ్ ఆనర్‌తో గౌరవించెను. పల్లెటూరి ప్రతిభావంతులకై 2008లో ఆంధ్రప్రదేశమున నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో వెలసిన రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు రూపురేఖలు దిద్దుటలోను ఆయన హస్తము కలదు.

నెట్టు లేని ఆన్‌లైను పాఠము

ఆ తాబేలు ఎట్టకేలకు తెలంగాణ సర్కారు బడికి వచ్చినది. 2015లో టాటా ట్రస్టుల ధనసహాయముతో, ముంబయిలోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థయు, పేపర్ట్ పనిచేసిన ఆ మసాచుసెట్స్ విద్యాసంస్థయు కలిసి ఆరంభించిన అనుసంధిత అభ్యసన ప్రయత్నము క్లిక్స్ అను పేర ప్రసిద్ధమైనది. ఛత్తీస్‌గఢ్, మిజోరం, రాజస్థాన్, తెలంగాణ రాష్ట్రముల ప్రభుత్వోన్నత పాఠశాలలు దీనికి రంగస్థలములు. గణితము, విజ్ఞానశాస్త్రము, ఆంగ్లము, కంప్యూటరు పరిచయము పాఠ్యాంశములు. ఆంగ్లము, హిందీలతోపాటు తెలుగున కూడ పాఠములు సిద్ధమైనవి. రేఖాగణితము బోధించుటకు ఈ పాఠములలో తాబేలు మాత్రమే కాక, దొంగను పట్టు పోలీసు ఆటయు ఒకటి చేరినది.

ఈ ప్రయత్నమును ఘనముగా చెప్పుకొనుటకు కారణము పాఠములకంటె ఏర్పాటునందే ఎక్కువగా నున్నది. పల్లెబడిలో నెట్టు నిలకడగా ఉండదని గ్రహించి, పాఠములన్నిటిని బడిలోని సర్వరులో నిక్షేపించి, గదిలోని కంప్యూటర్లను దానికి తగిలించిరి. నెట్టు రానినాడును పాఠము ఆగదు. కంప్యూటర్లు కొన్నియే యుండి పిల్లలు పెక్కుమంది యగుటచేత, ఇరువురు ముగ్గురు కలిసి ఒకే యంత్రమున తమ పేర్లు నమోదు చేసికొను వీలు కల్పించిరి. అప్పుడు యంత్రముల కొఱతయే, పిల్లలు ఒకరితో నొకరు తర్కించి నేర్చుకొనుటకు సాధనమైనది. ఉపాధ్యాయునికి ఆదేశములు పంపి ఊరకుండక, తోటి ఉపాధ్యాయులతో సంప్రదించుటకు మొబైలు బృందములును, సర్టిఫికెట్టు చదువును ఏర్పరచిరి. యునెస్కో వారు 2017వ సంవత్సరపు పురస్కారమును దీనికిచ్చి గౌరవించిరి. పాఠములు స్వేచ్ఛానుమతితో వెలువడినవి. మూలమును పేర్కొని, అదే యనుమతితో, ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, అనువదించుకొనవచ్చును.

మరల పటమును చూడుడు. పడమట తెలంగాణ, తూర్పున ఛత్తీస్‌గఢ్. నలువది యేండ్లకు పిమ్మట వచ్చిన రెండవ ప్రయోగమును జిమల్‌గట్టకు అటునిటు నిలిచి, నడుమ అడుగు పెట్టలేదు. ఇంతకును దానిని నడపిన ప్రధానసంస్థ ఉన్నది ఈ మహారాష్ట్ర రాజధానిలోనే. దీనిని ఎవరి దోషమనియు అనరాదు. ఏ ప్రయోగమైనను కొన్ని రాష్ట్రములను ఎన్నుకొనక తప్పదు. ప్రభుత్వములతో ఒప్పందములు రాష్ట్రముల వారీగానే కుదురును. అట్టి ఎన్నిక ఎంత న్యాయముగా జరిగినను, రాష్ట్రమునే పరిశోధనకు కొలమానముగా స్వీకరించినంతకాలము, ఒక రాష్ట్రపు చివరి భాష మఱియొక రాష్ట్రపు మొదటి భాషయైన సీమలు ప్రతిసారియు జారిపోవుచునే యుండును.

ఉన్న సామగ్రి

2020లో మహమ్మారిచే బడులు మూతపడగా, తెలంగాణ ప్రభుత్వము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా తెలుగు పాఠములు నడపెను. డిష్షు గల యింట ప్రాణహితకు ఈవలను అవి కనబడుటకు అడ్డు లేదు. కాని ఈవలి బాలుని పరీక్ష మరాఠీలో, పాఠ్యక్రమము పూనా నుండి. విడ్డూరమేమనగా, 1967లో పూనాలో వెలసి మహారాష్ట్ర పాఠ్యపుస్తకములను ప్రచురించు బాలభారతి సంస్థ గ్రంథములు వెలువరించు ఎనిమిది భాషలలో తెలుగు ఒకటి. అనగా మరాఠీ పాఠ్యక్రమమునకు సరిపోవు తెలుగు పుస్తకమున్నది. తెలుగున ఆటపాటలతో కూడిన యంత్రపాఠమున్నది. ఆకాశమున తెలుగు ప్రసారమున్నది. ఇవి మూడును మూడు కచేరీల సొత్తులై, ఒకదాని నొకటి ఎఱుగక పడియున్నవి.

ఇక మాడియా గోండులు పలుకు గోండీ మాట. ఆన్‌లైను విద్య భవిష్యత్తు వ్రాత నుండి మాటకు మరలుచున్నదని నిపుణులు పలువురు చెప్పుచున్నారు: బాలుడు తన భాషలో అడుగును, యంత్రము అతని భాషలో బదులు చెప్పును. రాజ్‌రెడ్డి జీవితమంతయు వెచ్చించిన విద్య ఇదియే. 2022లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన భాషిణి తెలుగు, మరాఠీ మొదలగు ఎనిమిదవ షెడ్యూలు భాషలను ముందుగా చేపట్టినది. గోండీ ఆ షెడ్యూలులో లేదు. 2025లో గిరిజన భాషలకై ఆది వాణి అను అనువాద సాధనము వెలువడెను, ఢిల్లీ ఐ.ఐ.టి. వారి నేతృత్వమున జరిగిన ఆ కృషిలో హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి.యు పాలుపంచుకొనెను. అందు మొదటగా చేరిన భాషలలో గోండీ యున్నది; కాని అది ఛత్తీస్‌గఢపు గోండీ. గడ్చిరోలి మాడియా పలుకుబడికి దానికిని భేదము కలదు. ఇంద్రావతి ఇచ్చటను అడ్డమే నిలిచినది.

మూడవ ప్రయోగమునకు

అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయములు మరల భారతదేశము వైపు చూచుచు, కృత్రిమ మేధతో నడచు గురువును పల్లెబడిలో పరీక్షింప నుత్సహించుచున్న కాలమిది. అట్టివారు మూడు విషయములు ముందుగా ఒప్పుకొని రావలెను. మొదటిది: పరీక్షకు రాష్ట్రమును గాక నదీలోయను ఎన్నుకొనవలెను, ప్రాణహిత, ఇంద్రావతి, గోదావరుల నడుమ మూడు భాషలు, మూడు పాఠ్యక్రమములు గల సీమలో నిలిచిన యంత్రము దేశమున ఎచ్చటనైనను నిలుచును. రెండవది: భారమును మోయవలసినది బలవంతుడే. నాడు ఉపగ్రహము బరువెత్తుకొని తీగవలను తేలిక చేసినట్లు, నేడు కఠినమైన గణనమంతయు ముందే ముగించుకొని, నెట్టు లేకయు నడచు చిన్న సర్వరుగా పాఠము బడికి చేరవలెను. మూడవది: మాడియా బాలబాలికల కంఠములను నమోదు చేసికొనినచో, ఆ ధ్వనిభాండారము గడ్చిరోలిలోనే, 2011లో ఇచ్చట స్థాపితమైన గోండ్వానా విశ్వవిద్యాలయము వంటి చోట, గ్రామసభల యనుమతికి లోబడి యుండవలెను. ఎముకలు కలకత్తాకు పోయినట్లు కంఠములు పరదేశమునకు పోరాదు.

ఇవి నెరవేరులోగా, విదేశీయుల రాకకై వేచియుండ నక్కఱలేని పనియు ఒకటి కలదు. క్లిక్స్ తెలుగు పాఠములకు స్వేచ్ఛానుమతి యున్నది గనుక, గడ్చిరోలి జిల్లా పరిషత్తు తలచుకొనినచో, వానిని బాలభారతి పాఠ్యక్రమముతో సరిపోల్చి, జిమల్‌గట్ట, సిరొంచ ప్రాంతపు బడులలోని కంప్యూటర్లలో నెక్కించుటకు ఎవరికిని రుసుము చెల్లింప పని లేదు, ఏ రాష్ట్రపు ఆమోదమును కోర పని లేదు. కావలసినది మరాఠీ, తెలుగు రెండును వచ్చిన ఉపాధ్యాయుల చిన్న బృందము. అట్టివారు ఈ సీమలో కొల్లలు. రెండు ప్రయోగముల ఫలము ఇంతకాలము ఏటి కావల నిలిచియుండగా, దానిని ఈవలకు తెచ్చుకొనుట ఇప్పుడు మసాచుసెట్స్, ముంబయిల చేతిలో లేదు. ఈ జిల్లా వారి చేతిలోనే యున్నది.