ఇంగ్లండు సామాజిక గృహనిర్మాణ కాంట్రాక్టుల్లో భాగస్వామ్య విధానం: ప్రగతి – పరిమితులు

తక్కువ ధరకు టెండరు దక్కించుకోవడం, ఆ లోటును పని నడుస్తుండగా అదనపు బిల్లులతో, క్లెయిములతో పూడ్చుకోవడం బ్రిటిష్ నిర్మాణరంగానికి చాలాకాలంగా అలవాటైన పద్ధతి. ఈ వైరధోరణిని 1994లో సర్ మైకేల్ లేథమ్ నివేదిక తీవ్రంగా విమర్శించింది. 1998లో సర్ జాన్ ఈగన్ నివేదిక మరో అడుగు ముందుకు వేసి, నిర్మాణవ్యయంలోనూ కాలంలోనూ ఏటా 10 శాతం, లోపాల్లో 20 శాతం తగ్గింపును లక్ష్యాలుగా నిర్దేశించింది. ఇందుకు రెండు నివేదికలూ సూచించిన మార్గాలలో ముఖ్యమైనది భాగస్వామ్యం.

ఈ ఆలోచన సామాజిక గృహరంగంలో త్వరగా వేళ్లూనడానికి కారణం స్పష్టమే. స్థానిక సంస్థలు, హౌసింగ్ అసోసియేషన్లు ఒకే రకమైన పనిని వేలాది ఇళ్లలో ఏళ్ల తరబడి చేయించే యజమానులు. సామాజిక గృహాలన్నిటినీ 2010 నాటికి నిర్ణీత ప్రమాణానికి తేవాలని 2000లో ప్రభుత్వం ప్రకటించడంతో అలాంటి పని ఒక్కసారిగా పెరిగింది.

2000 సెప్టెంబరులో వెలువడిన పీపీసీ 2000 అనే నమూనా ఒప్పందం ఈ భావనకు చట్టరూపం ఇచ్చింది. యజమాని, గుత్తేదారు, సలహాదారులు వేర్వేరు ఒప్పందాలు చేసుకోవడానికి బదులు అందరూ ఒకే పత్రంపై సంతకం చేస్తారు. డిజైను పూర్తికాకముందే గుత్తేదారు బృందంలో చేరతాడు. ఉపగుత్తేదారుల ధరలను అందరి ముందు తెరిచి చూపుతూ గరిష్ఠ ధరను క్రమంగా నిర్ణయిస్తారు. ఆ తర్వాతే పని ప్రారంభానికి మరో ఒప్పందం కుదురుతుంది. ఇందులోని అసలు ప్రగతి ఈ ముందస్తు దశలోనే ఉంది. వంటగది అరల కొలతలు గోడకు సరిపోవన్న సంగతి కాగితం మీదే తెలిస్తే అది చర్చ. బిగించే రోజున తెలిస్తే క్లెయిము.

అయితే విశ్వాసం అనే పదానికి న్యాయస్థానంలో ఎంత బరువు ఉంటుంది? టీఎస్‌జీ బిల్డింగ్ సర్వీసెస్, సౌత్ ఆంగ్లియా హౌసింగ్ సంస్థల మధ్య 2013లో వెలువడిన తీర్పు ఈ ప్రశ్నకు నిర్మొహమాటంగా జవాబిచ్చింది. ఇళ్లలోని గ్యాస్ పరికరాల నిర్వహణకు ఆ రెండు సంస్థలూ 2009లో నాలుగేళ్ల భాగస్వామ్య ఒప్పందం కుదుర్చుకున్నాయి. విశ్వాసం, న్యాయబద్ధత, పరస్పర సహకారాలతో పనిచేయాలని ఒక నిబంధన చెబుతోంది. మూడు నెలల నోటీసుతో ఎప్పుడైనా ఒప్పందాన్ని ముగించవచ్చని మరో నిబంధన. యజమాని సంస్థ పదమూడు నెలలకే రెండోదాన్ని ప్రయోగించింది. మిగిలిన కాలానికి లాభనష్టం కోరిన గుత్తేదారు వాదనను న్యాయమూర్తి ఏకెన్‌హెడ్ అంగీకరించలేదు. స్పష్టంగా రాసుకున్న ముగింపు హక్కును సహకార నిబంధన పరిమితం చేయదని, సద్భావనను అంతర్లీన నిబంధనగా చదవలేమని తేల్చారు. తీర్పు తర్కబద్ధమే. కానీ దీర్ఘకాల సంబంధాన్ని నమ్మి సిబ్బందిపై, వాహనాలపై పెట్టుబడి పెట్టే గుత్తేదారుకు ఆ నమ్మకానికి ఆధారం మూడు నెలలే అయింది.

పని పరిమాణానికి హామీ లేకపోవడం మరో బలహీనత. సామాజిక గృహాల నిర్వహణలో పెద్ద సంస్థయిన కనాట్, ప్రభుత్వ వ్యయాల కోతతో పనులు వాయిదా పడ్డాయని ప్రకటించిన కొద్ది నెలలకే, 2010 సెప్టెంబరులో కుప్పకూలింది.

ఇక ఖర్చులో వాటా భరించే లీజుదారుల విషయం. 2002లో సవరించిన 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం, ఏడాదికి మించిన ఒప్పందం కింద ఏ లీజుదారైనా ఏటా 100 పౌండ్లకు మించి చెల్లించవలసి వస్తే ముందుగా సంప్రదించాలి. ట్రిబ్యునల్ మినహాయిస్తే తప్ప, లేకుంటే ఆ పరిమితి దాటి వసూలు చేయరాదు. సంప్రదింపు జరిగేది ఒప్పందానికి ముందు. భాగస్వామ్య విధానంలో ధర తేలేది ఒప్పందం తరువాత. అందువల్ల లీజుదారు చేతికి అందే నోటీసులో చాలాసార్లు కచ్చితమైన మొత్తం ఉండదు, అది ఎందుకు చెప్పలేకపోతున్నారో వివరణ మాత్రమే ఉంటుంది. బహుపక్ష ఒప్పందం చివరి పుటలో సంతకాల వరుస ఎంత పొడవున్నా, అందులో ఆయన పేరు కనిపించదు.